ట్రయాథ్లాన్ సైకిలా, రోడ్ సైకిలా? శిక్షణకు ఏది తగినదో చెప్పే గాలి లెక్క, దారి లెక్క

ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా ఉసూర్ బ్లాకులో, తాలిపేరు నది ఒడ్డున ఉన్న ఊరు బాసగూడ. ఈ నదే దిగువకు ప్రవహించి, తెలంగాణలోని చర్ల మండలంలో తాలిపేరు ప్రాజెక్టును దాటి గోదావరిలో కలుస్తుంది. ఇక్కడి సంతలో గోండి, హల్బీతో పాటు తెలుగు కూడా వినిపిస్తుంది. 2005 తర్వాతి కల్లోల సంవత్సరాల్లో ఊరు చాలావరకు ఖాళీ అయింది, సంత కళ తప్పింది. ఇప్పుడు అవాపల్లి మీదుగా బీజాపూర్‌కు తారు రోడ్డు ఉంది. బీజాపూర్ దగ్గర కలిసే 63వ నంబరు జాతీయ రహదారి ఒకవైపు జగదల్‌పూర్‌కు, మరోవైపు భోపాల్‌పట్నం మీదుగా మంచిర్యాల, నిజామాబాద్‌లకు తీసుకువెళుతుంది.

దారితో పాటు ఆటలూ వస్తున్నాయి. 2024లో మొదలైన బస్తర్ ఒలింపిక్స్ ఈ ప్రాంతపు యువతను పరుగు, విలువిద్య, ఫుట్‌బాల్, కబడ్డీ వంటి పోటీల వైపు తెచ్చింది. పరుగు బాగా వచ్చి, నదిలో ఈత నేర్చినవారికి ట్రయాథ్లాన్ సహజంగానే ఆకర్షణగా కనిపిస్తుంది. అయితే ఈత, పరుగులతో పోలిస్తే సైకిల్ భాగానికి ఖర్చు చాలా ఎక్కువ. ఒక్కసారే కొనగలిగిన కుటుంబానికి తప్పుడు ఎంపిక అంటే కొన్నేళ్ల పొదుపు పోయినట్టే. బస్తర్‌లోనే కాదు, ఆదిలాబాద్‌లోనైనా అనంతపురంలోనైనా ఇదే సమస్య. శిక్షణ కోసం ట్రయాథ్లాన్ సైకిల్ కొనాలా, రోడ్ సైకిల్ కొనాలా? దీనికి జవాబు భౌతికశాస్త్రం, శరీరశాస్త్రం, తొక్కే దారి మూడూ కలిసి చెప్పాలి.

పోటీలో సైకిల్ వాటా

ట్రయాథ్లాన్‌లో ఈత, సైకిల్, పరుగు ఒకదాని తర్వాత ఒకటి విరామం లేకుండా సాగుతాయి. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో ఈ క్రీడకు చోటు దక్కింది. ఒలింపిక్ దూరం 1.5 కి.మీ. ఈత, 40 కి.మీ. సైకిల్, 10 కి.మీ. పరుగు. స్ప్రింట్ పోటీలో ఇందులో సగం ఉంటుంది. ఐరన్‌మ్యాన్ పోటీలో 3.8 కి.మీ. ఈత, 180 కి.మీ. సైకిల్, 42.2 కి.మీ. పరుగు ఉంటాయి. అందులో సగం దూరం ఉండే పోటీ మన దేశంలో 2019లో గోవాలో మొదలైంది.

ఏ దూరంలోనైనా ఎక్కువ సమయం గడిచేది సైకిల్ మీదే. సైకిల్ దిగాక పరుగు మిగిలే ఉంటుంది. అందువల్ల ఈ క్రీడలో సైకిల్ వేగంగా పోవడంతో పాటు, దాన్ని దిగిన కాళ్లలో పరుగుకు సత్తువ మిగల్చాలి. ట్రయాథ్లాన్ సైకిల్ పుట్టుకకు ఈ రెండు అవసరాలే కారణం.

రెండింటి కట్టుబడిలో తేడా

రోడ్ సైకిల్ హ్యాండిల్ పొట్టేలు కొమ్ముల్లా ముందుకు వచ్చి కిందికి వంగి ఉంటుంది. చేతులు పైన నడిమి కడ్డీ మీద, బ్రేకు లీవర్ల పిడుల మీద, కింది వంపులో ఇలా మూడు చోట్ల పెట్టుకోవచ్చు. పిడుల మీదా వంపులోనూ ఉన్నప్పుడు బ్రేకు, గేరు రెండూ వేళ్లకు అందుబాటులోనే ఉంటాయి.

ట్రయాథ్లాన్ సైకిల్‌కు హ్యాండిల్ మధ్య నుంచి ముందుకు రెండు కడ్డీలు పొడుచుకు వస్తాయి. వీటిని ఏరోబార్లు అంటారు. వాటి వెనుక ఉన్న మెత్తల మీద మోచేతులు ఆనించి, రెండు చేతులూ దగ్గరగా చాచి, వీపును దాదాపు నేలకు సమాంతరంగా వంచి తొక్కుతారు. గేరు మీటలు ఆ కడ్డీల చివర ఉంటాయి. బ్రేకులు మాత్రం పక్కల ఉండే పిడుల మీద ఉంటాయి. బ్రేకు వేయాలంటే చేతులు అక్కడి నుంచి తీసి ఇక్కడికి తేవాలి.

కంటికి వెంటనే కనిపించని తేడా సీటు గొట్టం కోణంలో ఉంది. పెడళ్ల ఇరుసు నుంచి సీటు దాకా వెళ్లే గొట్టం నేలతో చేసే కోణం రోడ్ సైకిల్‌కు సాధారణంగా 72 నుంచి 74 డిగ్రీలు, ట్రయాథ్లాన్ సైకిల్‌కు 76 నుంచి 80 డిగ్రీలు. కోణం నిటారుగా ఉంటే సీటు ముందుకు జరుగుతుంది. మామూలు సైకిల్ మీద నడుము బాగా వంచితే తొడలు పొట్టకు తగిలి, తుంటి దగ్గర కోణం మరీ ఇరుకవుతుంది. ఊపిరి కూడా సరిగా ఆడదు. సీటు ముందుకు జరిగినప్పుడు శరీరమంతా పెడళ్ల చుట్టూ ముందుకు తిరిగినట్టవుతుంది. దాంతో నడుము ఎంత వంగినా తుంటి కోణం తెరుచుకునే ఉంటుంది.

పోటీ సైకిళ్లలో ఏరోబార్లు 1980ల చివర్లో వ్యాపించాయి. 1989 టూర్ డి ఫ్రాన్స్ చివరి రోజున వెర్సాయ్ నుంచి పారిస్‌కు 24.5 కి.మీ. టైమ్ ట్రయల్ జరిగింది. అప్పటికి 50 సెకన్లు వెనుకబడిన అమెరికన్ గ్రెగ్ లెమాండ్ ఏరోబార్లతో తొక్కాడు. వాటిని వాడని లోరాన్ ఫిన్యోన్ కన్నా ఆ రోజు 58 సెకన్లు ముందు చేరి, మూడు వారాల పోటీని 8 సెకన్ల తేడాతో గెలిచాడు. విజయానికి కారణం హ్యాండిల్ ఒక్కటే అనలేం. అయినా గాలితో పోరాటం ఎంత విలువైనదో సైకిల్ లోకానికంతటికీ తెలిసివచ్చిన రోజు అది.

గాలి ఎంత శక్తి తింటుంది?

చదునైన దారిపై సైకిల్ తొక్కేవారిని రెండు శక్తులు వెనక్కి లాగుతాయి. ఒకటి టైరుకూ రోడ్డుకూ మధ్య దొర్లుడు ఘర్షణ. రెండోది గాలి నిరోధం. దొర్లుడు ఘర్షణను దాటడానికి కావలసిన సామర్థ్యం వేగంతో పాటు నేరుగా పెరుగుతుంది. గాలి నిరోధాన్ని దాటడానికి కావలసిన సామర్థ్యం వేగం ఘనంతో పెరుగుతుంది. అంటే వేగం రెట్టింపైతే గాలి కోసం ఎనిమిది రెట్లు శ్రమ పడాలి.

గాలి నిరోధం ఎంతో చెప్పడానికి, ఎదురుగాలికి కనిపించే శరీర వైశాల్యాన్నీ ఆకారాన్నీ కలిపి ఒకే విలువగా కొలుస్తారు. దాన్ని ఇక్కడ నిరోధ వైశాల్యం అందాం. రోడ్ సైకిల్ మీద బ్రేకు పిడులు పట్టుకుని కూర్చున్న మనిషికి ఇది సుమారు 0.36 చదరపు మీటర్లు. కింది వంపు పట్టుకుంటే 0.32 వరకు, రోడ్ సైకిల్‌కే ఏరోబార్లు బిగించుకుంటే 0.29 వరకు, చక్కగా అమర్చుకున్న ట్రయాథ్లాన్ సైకిల్ మీద 0.26 వరకు తగ్గుతుంది. మనిషి ఒడ్డూ పొడుగును బట్టి, అలవాటును బట్టి ఈ అంకెలు మారతాయి కానీ వరుస మాత్రం మారదు. మొత్తం గాలి నిరోధంలో పెద్ద వాటా తొక్కే మనిషి శరీరానిదే. ఖరీదైన ఫ్రేమ్ కన్నా వంగిన వీపు ఎక్కువ పని చేస్తుందనడానికి కారణం ఇదే.

పిడులు పట్టుకున్న భంగిమకూ ట్రయాథ్లాన్ భంగిమకూ మధ్య తేడాను వేర్వేరు వేగాల్లో చూద్దాం. గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.15 కిలోలు అనుకుంటే, గంటకు 18 కి.మీ. వేగంలో మిగిలేది కేవలం 7 వాట్లు. 27 కి.మీ. వేగంలో 24 వాట్లు. 36 కి.మీ. వేగంలో 57 వాట్లకు పైనే. నెమ్మదిగా తొక్కేవారికి పెద్దగా ఒరిగేదేమీ లేదు. లాభమంతా వేగంగా తొక్కేవారిదే.

ఇదే లెక్కను సమయంలోకి మార్చవచ్చు. మనిషి, సైకిల్ కలిపి 80 కిలోలు, రోడ్డు నున్నగా చదునుగా ఉంది, గాలి వీచడం లేదు, తొక్కేవారు నిలకడగా 150 వాట్లు ఇస్తున్నారు అనుకుందాం. 40 కి.మీ. పూర్తి కావడానికి పట్టే సమయం సుమారుగా ఇలా ఉంటుంది.

- రోడ్ సైకిల్, చేతులు బ్రేకు పిడుల మీద: 81 నిమిషాలు
- రోడ్ సైకిల్, చేతులు కింది వంపులో: 78 నిమిషాలు
- రోడ్ సైకిల్‌కు ఏరోబార్లు బిగిస్తే: 75 నిమిషాలు
- ట్రయాథ్లాన్ సైకిల్: 73 నిమిషాలు

పోటీలో 8 నిమిషాలు చాలా పెద్ద తేడా. అందులో 5 నుంచి 6 నిమిషాల దాకా తెచ్చిపెట్టింది మామూలు రోడ్ సైకిల్‌కు బిగించిన ఏరోబార్లే. పూర్తి ట్రయాథ్లాన్ సైకిల్ అదనంగా ఇచ్చింది రెండున్నర నిమిషాలు. మొదటి లాభానికి అయ్యే ఖర్చు వేలల్లో ఉంటుంది, రెండోదానికి తరచుగా లక్షల్లోకి వెళుతుంది.

శిక్షణలో లెక్క వేరు

పై పట్టికను చూసి వెంటనే ట్రయాథ్లాన్ సైకిల్ వైపు మొగ్గేవారు ఒక విషయం మరచిపోతారు. పోటీలో కొలిచేది సమయం. శిక్షణలో శరీరం కొలిచేది శ్రమ. గంట సేపు 150 వాట్లు ఇచ్చిన గుండెకు, ఊపిరితిత్తులకు, తొడ కండరాలకు సైకిల్ గంటకు 30 కి.మీ. పోయిందా 33 కి.మీ. పోయిందా అన్నది పట్టదు. వాటికి అందిన వ్యాయామం ఒకటే. వేగవంతమైన సైకిల్ మీద చేసిన శిక్షణ ఎక్కువ శిక్షణ కాదు. అదే శ్రమకు ఎక్కువ దూరం పోవడం మాత్రమే.

ఓర్పు పెరగడానికి ప్రధానంగా కావలసింది వారంలో ఎన్ని గంటలు, ఎన్ని నెలల పాటు, ఆగకుండా తొక్కగలిగారన్నది. కాబట్టి శిక్షణ సైకిల్‌కు అడగవలసిన మొదటి ప్రశ్న ‘ఎంత వేగంగా పోతుంది?’ అని కాదు. ‘ఉన్న దారిలో, ఉన్న వాతావరణంలో, వారానికి నాలుగైదు రోజులు దెబ్బ తగలకుండా దీని మీద తొక్కగలమా?’ అని. ఈ ప్రశ్న వేసుకున్నాక రోడ్డును చూడాలి.

దారి ఏం చెబుతుంది?

బాసగూడ–అవాపల్లి వంటి దారిలో ఉదయం పూట మోటారు వాహనాల రద్దీ తక్కువే. కానీ దారి ఖాళీగా ఉండదు. పశువులు, మేకలు, సంత రోజున తలమీద గంపలతో నడిచే జనం, మార్చి–ఏప్రిల్‌లో ఇప్పపువ్వు ఏరడానికి తెల్లవారకముందే బయలుదేరే ఆడవాళ్లు, కోతల తర్వాత తారు మీదే ఆరబోసిన వడ్లు. తెలుగు రాష్ట్రాల పల్లె దారుల్లోనూ దాదాపు ఇదే దృశ్యం.

గంటకు 32 కి.మీ. వేగంలో సైకిల్ సెకనుకు దాదాపు 9 మీటర్లు పోతుంది. ఏరోబార్ల మీద నుంచి చేయి తీసి బ్రేకు అందుకోవడానికి అర సెకను అదనంగా పట్టినా, బ్రేకు పడేలోపు సైకిల్ మరో నాలుగున్నర మీటర్లు ముందుకు వెళ్లిపోతుంది. పొదలోంచి ఒక మేకపిల్ల రోడ్డెక్కితే ఆ నాలుగున్నర మీటర్లే ప్రమాదానికీ క్షేమానికీ మధ్య దూరం. పైగా మోచేతులు దగ్గరగా ఉన్నప్పుడు హ్యాండిల్ మీద పట్టు సన్నగిల్లుతుంది. శరీర బరువు ముందు చక్రం మీదికి జరిగి, గుంట తగిలితే సైకిల్ తొణుకుతుంది. గుంపుగా తొక్కేటప్పుడు ఏరోబార్ల మీద వాలడం తప్పు అనడానికి కూడా ఇదే కారణం.

పక్క గాలి మరో సంగతి. ట్రయాథ్లాన్ సైకిళ్లకు తరచుగా లోతైన అంచుల చక్రాలు వేస్తారు. ఎదురుగాలిని ఇవి బాగా చీలుస్తాయి. కానీ చెట్ల చాటు నుంచి ఒక్కసారిగా వంతెన మీదికో పొలాల మధ్యకో వచ్చినప్పుడు పక్క నుంచి కొట్టే గాలి ఈ అంచులను తెరచాపలా తోస్తుంది. తేలికపాటి మనిషికి ఇది ఇంకా ఇబ్బంది.

టైర్ల విషయం కూడా తేలికగా తీసుకోకూడదు. సన్నని టైరులో గాలి బాగా బిగిస్తే వేగం పెరుగుతుందని చాలామంది నమ్మకం. నున్నటి ట్రాక్ మీద అది కొంతవరకు నిజమే. గరుకు రోడ్డు మీద గట్టి టైరు ప్రతి రాయికీ ఎగురుతుంది. ఆ కుదుపులు తొక్కే మనిషి కండరాల్లో వేడిగా మారి శక్తి వృథా అవుతుంది. 28 నుంచి 32 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు, కాస్త తక్కువ గాలితో, ఇలాంటి దారుల్లో హాయిగానూ వేగంగానూ పోతాయి. చాలా రోడ్ సైకిళ్లలో ఇంత వెడల్పు టైర్లు పడతాయి. పాత ట్రయాథ్లాన్ ఫ్రేముల్లో 25 మిల్లీమీటర్లు దాటితే ఇరుకే.

మరమ్మతు సంగతి చివరిది కానీ చిన్నది కాదు. ట్రయాథ్లాన్ సైకిళ్లలో బ్రేకు తీగలు, గేరు తీగలు ఎక్కువగా ఫ్రేమ్ లోపలి నుంచి పోతాయి. హ్యాండిల్ భాగాలు కంపెనీకో రకంగా ఉంటాయి. పెద్ద నగరంలో నిపుణుడి దగ్గర గంటలో అయ్యే పని, చిన్న ఊళ్లో విడిభాగం కోసం వారాల తరబడి ఆగేలా చేయవచ్చు. ఆ వారాలన్నీ శిక్షణ లేని వారాలే.

దక్షిణ బస్తర్‌కు ప్రత్యేకించి మరో జాగ్రత్త అవసరం. మందుపాతరల ముప్పు చూసిన ప్రాంతం కాబట్టి, జనం రోజూ తిరిగే తారు రోడ్డు వదిలి తెలియని అడవి బాటల్లోకి సైకిల్ తిప్పకూడదు. ఎటు వెళుతున్నదీ ఇంట్లో చెప్పి వెళ్లాలి.

ఇందుకు పూర్తి భిన్నమైన దారి హైదరాబాద్‌లో ఉంది. 2023 అక్టోబరులో అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సౌర ఫలకాల పైకప్పుతో 23 కి.మీ. సైకిల్ ట్రాక్ మొదలైంది. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు, నార్సింగి నుంచి కొల్లూరు వైపు రెండు భాగాలుగా, 4.5 మీటర్ల వెడల్పుతో ఉంది. మోటారు బండ్లు రాని ఇలాంటి చోట, రద్దీ లేని వేళ, ట్రయాథ్లాన్ సైకిల్ మీద భంగిమ అలవాటు చేసుకోవడం సాధ్యమే. అదే సైకిల్, అదే మనిషి, దారి మారితే ఎంపిక మారుతుంది.

ఎక్కుడు దారిలో

రాయ్‌పూర్ నుంచి బస్తర్‌కు వచ్చే 30వ నంబరు జాతీయ రహదారి మీద కాంకేర్, కొండగావ్‌ల మధ్య కేశ్‌కాల్ ఘాట్ మలుపులు తెలియనివారు ఈ ప్రాంతంలో తక్కువ. అలాంటి ఎక్కుడులో గాలి లెక్క తారుమారవుతుంది. 80 కిలోల మొత్తం బరువుతో 6 శాతం వాలును గంటకు 12 కి.మీ. వేగంతో ఎక్కితే, గురుత్వాకర్షణను గెలవడానికి సుమారు 157 వాట్లు కావాలి. గాలికి పోయేది 8 వాట్లు మాత్రమే. ఇక్కడ ఏరోబార్ల ప్రయోజనం దాదాపు సున్నా. లేచి నిలబడి తొక్కడానికి వీలైన వెడల్పాటి హ్యాండిల్, తేలికైన గేరు ముఖ్యం. దిగుడు మలుపుల్లో బ్రేకులు చేతిలో ఉండటం అంతకన్నా ముఖ్యం.

బరువు గురించి ఎక్కువ బెంగ కూడా అక్కర్లేదు. పై ఉదాహరణలో సైకిల్ ఒక కిలో బరువెక్కువైతే అదనంగా కావలసింది 2 వాట్లు. శిక్షణ సైకిల్‌లో ఒక కిలో తగ్గించడానికి వేలకు వేలు పోయడం కన్నా, ఆ డబ్బుతో మంచి టైర్లు, హెల్మెట్, ముందూ వెనుకా దీపాలు కొనడం మేలు.

భంగిమ ఒక అలవాటు

ట్రయాథ్లాన్ సైకిల్ పక్షాన బలమైన వాదన ఒకటుంది. శరీరం ఏ భంగిమలో పని చేస్తే ఆ భంగిమకే అలవాటు పడుతుంది. వీపు వంచి, మెడ ఎత్తి, మోచేతుల మీద వాలి రెండు మూడు గంటలు తొక్కడం ఒక్కసారిగా రాదు. మొదట్లో చాలామంది ఈ భంగిమలో మామూలుగా ఇచ్చే వాట్లు కూడా ఇవ్వలేరు. మెడ, భుజాలు, నడుము నొప్పి పెడతాయి. శిక్షణంతా రోడ్ సైకిల్ మీద చేసి పోటీ రోజున కొత్త భంగిమలో కూర్చుంటే, గాలిలో మిగిలింది నొప్పిలో పోతుంది.

నిటారు కోణం పరుగుకు మేలు చేస్తుందా అన్న ప్రశ్న మీద కూడా ప్రయోగాలు జరిగాయి. 2000లో వెలువడిన ఒక అధ్యయనం 73, 81 డిగ్రీల కోణాలను పోల్చి, నిటారు కోణంలో తొక్కాక పరుగు మెరుగైందని చెప్పింది. ఇలాంటి పరీక్షల్లో పాల్గొనేవారి సంఖ్య సాధారణంగా తక్కువ. కాబట్టి వీటిని ఒక సూచనగా తీసుకోవాలే తప్ప, నిటారు సైకిల్ కొంటే చాలు పరుగు మెరుగవుతుందని అనుకోకూడదు. సైకిల్ దిగిన వెంటనే పరుగెత్తే సాధన మాత్రం ఏ సైకిల్‌తోనైనా చేయవచ్చు, చేయాలి కూడా. దిగగానే కాళ్లు బరువెక్కి తడబడటం వారానికి ఒకసారైనా ఈ సాధన చేసేవారికి క్రమంగా తగ్గుతుంది.

ఎండను మరచిపోకూడదు

ఎండాకాలంలో ఈ ప్రాంతంలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. వేడెక్కిన గాలి పలచబడుతుంది. సముద్ర మట్టంలో 15 డిగ్రీల వద్ద ఘనపు మీటరు గాలి సుమారు 1.22 కిలోలు తూగితే, 40 డిగ్రీల వద్ద 1.13 కిలోలే. కాగితం మీద ఇది సైకిల్‌కు లాభమే. కానీ మన శరీరం ఖర్చు చేసే శక్తిలో నాలుగో వంతుకు మించి పెడల్‌కు చేరదు. మిగిలిందంతా వేడే. 150 వాట్లు తొక్కుతున్న మనిషి దాదాపు 500 వాట్ల వేడిని బయటికి పంపుతుండాలి. ఆ పని చేసేది చెమట, దాన్ని ఆర్పే గాలి.

అందుకే గాలి దూరని ఏరో హెల్మెట్ వేసవి శిక్షణకు పనికిరాదు. కన్నాలున్న మామూలు హెల్మెట్ చాలు. నీళ్ల విషయంలో ట్రయాథ్లాన్ సైకిల్‌కు ఒక సౌకర్యం ఉంది. చేతుల మధ్య బిగించిన సీసా నుంచి భంగిమ మార్చకుండా తాగవచ్చు. గతుకుల్లో సీసా ఎగిరిపడకుండా ఉంటే ఇది మేలే. ఏ సైకిల్‌కైనా రెండు సీసాలు పట్టే ఏర్పాటు, తెల్లవారుజామున బయలుదేరే అలవాటు తప్పనిసరి.

నిబంధన ముందే చూడాలి

కొనేముందు ఎక్కువమంది అడగని ప్రశ్న పోటీ నిబంధనల గురించి. ముందు వెళ్లే సైకిల్ వెనుక దగ్గరగా తొక్కితే గాలి శ్రమ మూడో వంతు వరకు తగ్గుతుంది. దీన్నే డ్రాఫ్టింగ్ అంటారు. ఒలింపిక్స్‌లోనూ, అంతర్జాతీయ సమాఖ్య నిర్వహించే ఎలీట్, జూనియర్ స్థాయి పోటీల్లోనూ సాధారణంగా డ్రాఫ్టింగ్‌కు అనుమతి ఉంటుంది. అలాంటి పోటీల్లో గుంపు భద్రత కోసం వంపు హ్యాండిల్ ఉన్న రోడ్ సైకిలే వాడాలి. ట్రయాథ్లాన్ సైకిల్‌ను అక్కడ అనుమతించరు.

గోవా పోటీ వంటి ఐరన్‌మ్యాన్ తరహా దూరాల్లో డ్రాఫ్టింగ్ నిషేధం. ముందు సైకిల్‌కు నిర్ణీత దూరం, చాలా పోటీల్లో 10 నుంచి 12 మీటర్లు, వెనుక ఉండాలి. ఎవరి గాలిని వారే చీల్చుకోవాలి. ట్రయాథ్లాన్ సైకిల్ అసలు చోటు ఇదే.

దీని అర్థం స్పష్టం. పదహారు పద్దెనిమిదేళ్ల వయసులో జిల్లా, రాష్ట్ర, జాతీయ జట్ల వైపు చూస్తున్న క్రీడాకారిణి లక్షలు పోసి ట్రయాథ్లాన్ సైకిల్ కొంటే, తాను పాల్గొనవలసిన పోటీల్లోనే దాన్ని వాడలేకపోవచ్చు. గుంపులో తొక్కడం, మలుపు తిరగడం, ఒకరి చక్రం వెనుక నిలబడటం ఆమె నేర్వాల్సిన విద్యలు. అవి రోడ్ సైకిల్ మీదే వస్తాయి.

మధ్యే మార్గం

చాలామందికి సరిపోయే క్రమం ఇలా ఉంటుంది. ముందు ఒంటికి సరిపడే కొలతలో రోడ్ సైకిల్ కొనాలి. పొడవు, చేయి చాపు, కాలు కొలత చూసి సీటు ఎత్తు, హ్యాండిల్ దూరం అమర్చుకోవాలి. సరిగా అమరని ఖరీదైన సైకిల్ కన్నా చక్కగా అమరిన మామూలు సైకిల్ మీద మోకాలికి హాని తక్కువ, ఓర్పు ఎక్కువ.

ఏడాది పాటు క్రమం తప్పకుండా తొక్కాక, డ్రాఫ్టింగ్ లేని పోటీ లక్ష్యమైతే బిగించుకునే ఏరోబార్లు చేర్చుకోవచ్చు. అప్పుడు సీటును కాస్త ముందుకు జరిపి, మోచేతి మెత్తలను ఎత్తుగా పెట్టుకుంటే తుంటి కోణం ఇరుకు కాదు. మొదట పది నిమిషాలు, తర్వాత ఇరవై, అలా పెంచుతూ పోవాలి. ఈ సాధన సూటిగా, నున్నగా, ముందు బాగా కనిపించే రోడ్డు ముక్క మీదే చేయాలి. ఊరు, సంత, బడి, మలుపు దగ్గరపడితే చేతులు బ్రేకుల మీదికి రావాలి. దారి అసలు అనుకూలించకపోతే, వెనుక చక్రాన్ని స్టాండుకు బిగించి ఇంట్లోనే ఫ్యాను ముందు తొక్కవచ్చు. అక్కడ ఎదురుగాలి ఉండదు కాబట్టి ఫ్యాను లేకుంటే ఒళ్లు త్వరగా వేడెక్కుతుంది.

సగం ఐరన్‌మ్యాన్ లేదా అంతకు మించిన దూరాలు ఏటా చేస్తూ, చదునైన దారిలో గంటకు 30 కి.మీ. దాటి నిలకడగా తొక్కగలిగి, భద్రమైన రోడ్డు, మరమ్మతు సౌకర్యం అందుబాటులో ఉన్నవారికి ట్రయాథ్లాన్ సైకిల్ నిజమైన లాభమిస్తుంది. అలాంటివారిలో కూడా చాలామంది వారపు శిక్షణలో ఎక్కువ భాగం రోడ్ సైకిల్ మీదే చేసి, పోటీకి కొన్ని వారాల ముందు నుంచి ట్రయాథ్లాన్ సైకిల్ మీద గంటలు పెంచుతారు.

రెండూ కొనలేనివారికీ దారి మూసుకుపోలేదు. ఛత్తీస్‌గఢ్‌లో సరస్వతి సైకిల్ యోజన కింద తొమ్మిదో తరగతి బాలికలకు ఉచితంగా సైకిళ్లు ఇస్తున్నారు. బడికి తొక్కే ఆ బరువైన, గేర్లు లేని సైకిల్ మీద గంటకు 18 కి.మీ. వేగంతో వారానికి ఆరు గంటలు తొక్కినా గుండె బలపడుతుంది, కాళ్లకు ఓర్పు వస్తుంది. ఆ వేగంలో గాలి తేడా 7 వాట్లేనని లెక్క ముందే చెప్పింది. పోటీలో చేరే నాటికి రోడ్ సైకిల్ సంపాదించుకోవచ్చు. అప్పటిదాకా శిక్షణ ఆపాల్సిన పని లేదు.